బోల్టు మీద పౌడరు

విజయవాడ,
10 జూన్ 2025

అత్తయ్యకి వినీల వందనాలు.

నాన్న మీకు ఫోన్ చేసి నా మీద చాడీలు చెప్పే ఉంటాడు. ఫోన్‌లో మీకు సగమే వినపడుతుంది కాబట్టి, ఆ సగంలో నేనేదో పెద్ద నేరం చేసినట్టే తేలి ఉంటుంది. అందుకే అసలు సంగతి ఉత్తరంలో రాస్తున్నాను.

ఆటోనగర్‌లో లేత్ పని మానేశాను. వన్‌టౌన్‌లో నతానియేలు గారని తుపాకులు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. లైసెన్సున్న కొట్టు, వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ నడుస్తోంది. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరాను. పోలీసు వెరిఫికేషన్ కూడా అయిపోయింది, కొట్టు కాగితాల్లో నా పేరు ఎక్కింది. ఆడపిల్లవి, ఈ పని ఎందుకమ్మా అని మాస్టారు అడిగారు. లేత్ మీద రోజంతా ఒకే రకం బుష్షులు చేసి చేసి విసుగెత్తిపోయిందండీ, ఒక వస్తువుని మొదటి నుంచి చివరిదాకా అర్థం చేసుకోవాలని ఉంది అన్నాను. ఆయన నవ్వలేదు. రేపటి నుంచి చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని రా అన్నారు. అంతే, చేరిపోయాను.

ఇప్పుడు మీతో పని. నేర్చుకునేవాళ్ళకి చెయ్యి తిరగాలంటే పాత రైఫిలు యాక్షన్ ఒకటి కావాలి. రైఫిలుకి గొట్టమూ చెక్కా తీసేస్తే మధ్యలో ఒక ఇనుప పెట్టె మిగులుతుంది. అందులో ముందుకీ వెనక్కీ జరిగే బోల్టు ఉంటుంది. ఆ రెండూ కలిపి యాక్షన్. తూటాని లోపలికి తోసి, అది పేలేటప్పుడు వెనక్కి రాకుండా గడియ వేసి పట్టుకునేది అదే. కొత్తది నాకు పనికిరాదు. అన్నీ సరిగ్గా ఉన్నదాంట్లో నేర్చుకోవడానికి ఏముంటుంది? వాడి వాడి అరిగినది కావాలి. అలాంటిది ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో దొరకదు. లైసెన్సున్న మనిషి, పైవాళ్ళ అనుమతితో, లైసెన్సున్న కొట్టుకి ఇవ్వాలి.

నాకు తెలిసి అలాంటి రైఫిలు ఉన్న మనిషి మన బంధువుల్లో ఒక్కరే. మావయ్య రైఫిలు ఇప్పుడు మీ పేరు మీదే ఉంది కదా. ఇస్తారా?

ఆలోచించుకుని రాయండి. నాన్నని మాత్రం అడగొద్దు.

వినీల


ఉయ్యూరు,
18 జూన్ 2025

వినీలకి అత్తయ్య దీవెనలు.

మీ నాన్న ఫోన్ చేసిన మాట నిజమే. అరుపులు వినపడ్డాయి, మాటలు వినపడలేదు. శౌరయ్య అరుపులు చిన్నప్పటి నుంచీ అంతే, వాటిల్లో సరుకుండదు. వాడి తరఫున కూడా నేనే ఒప్పుకుంటున్నాను, పని నేర్చుకో.

అడగడానికి అంత మొహమాటమెందుకే నీకు? నా తరవాత ఆ రైఫిలు ఎవరి చేతికి పోతుందా అని నేను ఎన్నాళ్ళ నుంచో బెంగపడుతున్నాను. పిల్లలా, జెల్లలా? మీ మావయ్య పోయాక లైసెన్సు నా పేరు మీదకి మారితే ఊరంతా ముసిముసిగా నవ్వుకున్నారు, ఆవిడ దాన్ని బట్టలారేసుకోవడానికి వాడుకుంటుందని. ఇప్పుడు ఏటి లంకల్లోంచి అడవి పందులు చెరకులో దిగాయంటే చాలు, పొద్దుగూకే వేళకి జనం మా వాకిట్లో ఉంటారు. "తెరేసమ్మ గారూ, ఒక్కసారి రావాలండీ" అంటారు. వెళ్ళి గట్టు మీద నిలబడి గాల్లోకి ఒకటి పేలుస్తాను. ఆ మోతకి మళ్ళీ కొన్నాళ్ళ దాకా పందులు ఇటు రావు. బళ్ళో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నన్నెవరూ ఇంత మర్యాదగా పిలిచింది లేదు. పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీ, పంచాయతీ మీటింగుల్లో ముందు కాఫీ. ఇదంతా నా మొహం చూసి ఇస్తున్నారని నేననుకోను.

అందుకని నీకే ఇస్తాను. నీ పేరు మీదకి మార్పించడానికి ఏ కాగితాలు కావాలో కనుక్కో. నువ్వు శుభ్రంగా బాగుచేసి పెట్టు. ఓపికున్నన్నాళ్ళు నేను పేలుస్తాను, ఆ తరవాత నువ్వు. బుల్లెమ్మకి అప్పుడే చెప్పేశాను, మా మేనకోడలు వస్తుంది, చెరకుకి ఇంకో తరం దాకా ఢోకా లేదని. బుల్లెమ్మ మా పక్కింటావిడే అయినా, ఆవిడకి చెబితే నాలుగు ఊళ్ళకి చెప్పినట్టు.

కొంచెం తుప్పు పట్టింది. కొబ్బరినూనె, ఇటుకపొడి పెట్టి తోమడం మొదలుపెట్టాను. నీ చేతికి వచ్చేసరికి తళతళలాడుతుంది.

మీ అత్తయ్య
తెరేసమ్మ


విజయవాడ,
25 జూన్ 2025

అత్తయ్యకి,

దండం పెడతాను, తోమొద్దు! ఇటుకపొడి అసలే వద్దు. ఆ అరుగుదల గుర్తులే నాకు పాఠం. అవి పోతే నాకు మిగిలేది ఉత్త ఇనుమే.

ఎందుకంటున్నానో చెబుతాను. బోల్టు ముందువైపు చిన్న కొమ్ముల్లాంటివి రెండుంటాయి. బోల్టు మూసి తిప్పితే ఆ రెండు కొమ్ములూ పెట్టె లోపలి గాడిలో ఇరుక్కుని గడియ పడుతుంది. తూటా పేలినప్పుడు దెబ్బంతా వాటి మీదే. రెండూ సమానంగా ఆనాలి. ఆనుతున్నాయో లేదో కంటికి తెలియదు. మాస్టారు కిరసనాయిలు దీపం వెలిగించి, ఆ మసి కొమ్ములకి పట్టించి, బోల్టు మూసి తెరుస్తారు. మసి చెరిగిన చోట ఆనుతోందని, మిగిలిన చోట ఆనడం లేదని అర్థం. ఎక్కడ ఎక్కువ ఆనుతోందో అక్కడ రవ్వంత రాయాలి, మళ్ళీ మసి, మళ్ళీ రాయడం. నాకింకా చెయ్యనివ్వలేదు. ప్రస్తుతం ఒక ఇనుప దిమ్మ ఇచ్చి ఆకురాయితో ఆరు వైపులా సమానంగా చెయ్యమన్నారు. ఐదు వైపులు సరిగ్గా వస్తాయి, ఆరోది చేసేసరికి మొదటిది పోతుంది. మాస్టారు పక్కనే కూర్చుని బైబిలు చదువుకుంటారు, ఒక్క మాట అనరు. తిట్టినా బాగుండును.

లైసెన్సు నా పేరు మీదకి మార్చడం గురించి తరవాత మాట్లాడుకుందాం. దానికంత తొందర లేదు. నాకు కావలసింది యాక్షన్ ఒక్కటే, గొట్టమూ చెక్కా అక్కర్లేదు. కాగితాల సంగతి మాస్టారు చూసుకుంటారు.

మీరు ఇస్తాననగానే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

వినీల


ఉయ్యూరు,
2 జూలై 2025

వినీలకి,

ఈ ఉత్తరంతో వచ్చిన సంచీ జాగ్రత్తగా దించుకో. పైన ఆవకాయ జాడీ. దాని కింద సున్నుండల డబ్బా. అన్నిటికన్నా అడుగున నా పాత నేత చీరలో చుట్టి, నువ్వడిగింది పెట్టాను.

గొట్టమూ చెక్కా అక్కర్లేదన్నావు కదా. ఆ పెట్టె లాగితే రాలేదు, గొట్టానికి బిగించేసి ఉంది. బోల్టు మాత్రం మీ మావయ్య తుడిచేటప్పుడు తీసేవాడే, అలాగే పిడి ఎత్తి వెనక్కి లాగితే చేతిలోకి వచ్చేసింది. ముందు దీంతో మొదలుపెట్టు. పెట్టె సంగతి నువ్వొచ్చినప్పుడు చూద్దాం. తోమలేదు, నీ మసి నువ్వే పూసుకో.

పొద్దుటి బస్సు కండక్టరు చేతికిచ్చాను. ఈ ఊరి పిల్లల క్యారేజీలైనా, ముసలాళ్ళ రక్తం సీసాలైనా, పెళ్ళికూతురి జాకెట్లైనా ఆయన చేతుల మీదుగా విజయవాడ చేరాల్సిందే. ఏమిటమ్మా ఇంత బరువు అన్నాడు. ఆవకాయ అన్నాను. అబద్ధం కాదుగా.

బోల్టు లేని రైఫిలు కర్రతో సమానం. రైఫిలు లేని బోల్టు ఉత్త ఇనుప ముక్క. కాబట్టి ఇద్దరిలో ఎవరి దగ్గరా తుపాకీ లేనట్టే, ఏ భయమూ లేదు. చెరకు ఎదిగే లోపల బాగుచేసి, ఇదే బస్సులో తిరిగి పంపించు.

సున్నుండలు మాస్టారికి కూడా పెట్టు.

మీ అత్తయ్య


విజయవాడ,
5 జూలై 2025

అత్తయ్యకి,

సున్నుండల డబ్బా మూత కూడా తియ్యలేదు.

కండక్టరు గారు సంచీ తెచ్చి తిన్నగా కొట్టు బల్ల మీద పెట్టి వెళ్ళారు. చీర మడతలు విప్పింది మాస్టారే. ఆయన మొహం పాలిపోయింది. బోల్టు ఒక్కటే అయినా చట్టం దాన్ని తుపాకీలాగే చూస్తుందండీ. అనుమతి కాగితం లేకుండా, ఆవకాయ కింద, బస్సులో వచ్చిందది. ఆయన దాన్ని దాచి ఉండొచ్చు. దాచలేదు. నెంబరు చదివి రాసుకుని, వెంటనే స్టేషనుకి ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేదాకా బల్ల దగ్గర నిలబడే ఉన్నారు. వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన లైసెన్సు, దాని మీద ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు మా అత్తయ్య పుణ్యమా అని పడుతుందేమో.

నన్ను తిట్టలేదు. విషయం తేలేదాకా లోపలికి రావద్దన్నారు. కొట్టు బయట స్టూలు మీద కూర్చుంటున్నాను. దారిన పోయేవాళ్ళు నన్ను అడ్రసులు అడుగుతున్నారు.

ఒక్క మాట అడిగి పంపితే ఏం పోయేది? బాగుచేసి తిరిగి పంపించు అని రాశారు. అది తిరిగి రాదత్తయ్యా. అనుమతి వచ్చాక పోలీసుల ఎదుట గొట్టం కోసేస్తారు. మీ లైసెన్సు పుస్తకంలో కొట్టేస్తారు. మిగిలిన యాక్షన్ మీద నేను నేర్చుకుంటాను. ఆ రైఫిలు ఇంక ఎప్పటికీ పేలదు. నేర్చుకోవడానికి అని నేను మొదటే రాశాను, మీకు అర్థమైందనుకున్నాను.

వినీల


ఉయ్యూరు,
12 జూలై 2025

వినీలకి,

నువ్వు రాసింది నాకు అర్థం కాలేదని చెప్పకు. బళ్ళో పిల్లల చేతిరాతలన్నీ అర్థం చేసుకున్నదాన్ని నేను. నీ పేరు మీదకి మార్పిద్దామని రాస్తే "తరవాత మాట్లాడుకుందాం" అన్నావు. అప్పుడే చెప్పి ఉండొచ్చు. నీకు కావలసింది రైఫిలు కాదు, దాని శవం.

ఉత్తరం అందిన రోజే స్టేషనుకి వెళ్ళాను. లైసెన్సు పుస్తకం బల్ల మీద పెట్టి, తప్పు నాది, కొట్టు ఆయనకీ ఆ పిల్లకీ సంబంధం లేదు, నాకు తెలియక పంపాను అని రాసిచ్చాను. ఎస్సై చిన్నవాడు. నన్ను కూర్చోబెట్టాడు. ఆవకాయ సంగతి వినేసరికి నవ్వాపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాడు. గట్టిగా హెచ్చరించి, విజయవాడ వాళ్ళతో మాట్లాడి, బోల్టు తెప్పించి నా చేతికే ఇస్తానన్నాడు. మీ మాస్టారికి విడిగా ఉత్తరం రాశాను. ఆయనకి ఇబ్బంది తెచ్చినందుకు నిజంగా సిగ్గుపడుతున్నాను.

కానీ రైఫిలు ఇవ్వను. కొయ్యడానికి ఇవ్వను. చెరకు ఏపుగా ఎదుగుతోంది. రెండు నెలలు పోతే నా వాకిట్లో జనముంటారు. వాళ్ళకి ఏం చెప్పమంటావు? మా మేనకోడలు చదువుకోవడానికి కోసేసిందనా?

ఆవకాయ పారెయ్యకు. దాని తప్పేం లేదు.

తెరేసమ్మ


విజయవాడ,
20 జూలై 2025

అత్తయ్యకి,

మీ ఉత్తరం చదివి మాస్టారు నవ్వారు. నేను చేరాక ఆయన నవ్వడం ఇదే మొదటిసారి చూడటం. మళ్ళీ లోపలికి రమ్మన్నారు. సున్నుండలు ఇద్దరం తిన్నాం.

మీరన్నది నిజమే. చెబితే ఇవ్వరేమోనని చెప్పలేదు. నాదే తప్పు. రైఫిలు ఇవ్వొద్దు, నేను ఇంకెప్పుడూ అడగను.

కానీ ఇంకో సంగతి ఉంది. మీరు నమ్మరేమోనని రెండు రోజుల నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఆ రోజు మాస్టారు బోల్టుని వెలుగులో తిప్పి నెంబరు చదువుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒక కొమ్ము మొదట్లో వెంట్రుకలాంటి గీత కనపడింది. ఆ కంగారులో గీరుకుపోయిన గుర్తేమో అనుకున్నాను. నిన్న మాస్టారికి చెప్పాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టేశారు. గీత అయితే ఫరవాలేదు, పగులైతే మాత్రం ఆ రైఫిలు పేల్చకూడదు, ఏదో ఒకనాడు కొమ్ము విరిగి బోల్టు పేల్చేవాళ్ళ మొహం మీదకే వస్తుంది అన్నారు. పరీక్ష చెయ్యకుండా ఏదీ చెప్పలేనన్నారు.

పరీక్ష అయ్యేదాకా పేల్చకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. వచ్చే ఆదివారం గుడిలో ప్రార్థన అవగానే వస్తాను.

వినీల


ఉయ్యూరు,
24 జూలై 2025

వినీలకి,

ఇస్తానన్నప్పుడు కనపడని పగులు, ఇవ్వనన్న తరవాత కనపడిందా? బాగుంది. మీ మాస్టారు బైబిలుతో పాటు ఇది కూడా నేర్పుతున్నారన్నమాట.

బోల్టు వచ్చేసింది. నిన్ననే పెట్టి చూశాను, ఎప్పటిలాగే టకటకమని కదులుతోంది. మీ మావయ్య జీవితమంతా దానికే చెంప ఆనించి పేల్చాడు, ఆయనకేం కాలేదు. ఈ ఏడు పందులు ముందుగానే దిగాయి. శనివారం సాయంత్రం వస్తానని రైతులకి మాటిచ్చేశాను.

నువ్వు ఆదివారం రానక్కర్లేదు.

తెరేసమ్మ


ఉయ్యూరు, బుల్లెమ్మ గారి అరుగు మీద,
26 జూలై 2025, శనివారం

అత్తయ్యా,

మీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. మాస్టారు బస్సు ఛార్జీలు చేతిలో పెట్టి తోసినంత పని చేశారు. మీరు తలుపు తీశారు, మజ్జిగ ఇచ్చారు, నేను నోరు తెరవగానే చెవి మిషను తీసి బల్ల మీద పెట్టేశారు. ఇంక నేనెంత అరిచినా ఊరికి వినపడుతుంది గానీ మీకు వినపడదు. తరవాత నన్ను బయటికి పంపి గడియ వేసుకున్నారు. అందుకని ఈ కాగితం బుల్లెమ్మ గారి చేత కిటికీలోంచి పంపిస్తున్నాను.

నన్ను నమ్మొద్దు. మాస్టారినీ నమ్మొద్దు. నేను లోపలికి రాను, రైఫిలు ముట్టుకోను. మీరే చూసుకోండి.

బోల్టు తియ్యండి. ముందువైపున్న కొమ్ములకి కిరసనాయిలు బాగా పట్టించండి. మీ ఇంట్లో లేకపోతే బుల్లెమ్మ గారు ఈ కాగితంతో పాటు సీసా ఇస్తారు. కాసేపు అలా వదిలెయ్యండి. తరవాత పొడి గుడ్డతో తుడవండి, తడన్నది లేకుండా తుడవాలి. ఆపైన మీరు గుడికి వెళ్ళేటప్పుడు మొహానికి రాసుకునే పౌడరుంది కదా, అది కొమ్ముల మీద పల్చగా చల్లండి. దీపం దగ్గర పెట్టి చూస్తూ కూర్చోండి.

పైపైన గీరుకున్నదే అయితే పౌడరు తెల్లగా అలాగే ఉంటుంది. పగులైతే లోపలికి పోయిన కిరసనాయిలు మెల్లగా పైకి వచ్చి, పౌడరులో తడి గీతై కనపడుతుంది. మాయా లేదు, మంత్రమూ లేదు.

పౌడరు తెల్లగా ఉండిపోతే మీ తలుపు దగ్గర క్షమాపణ చెప్పి బస్సెక్కుతాను. మీరు గట్టు మీద పేలుస్తుంటే ఆ మోత బస్సులోంచి వింటాను.

రైతులు అప్పుడే వస్తున్నారు. నాకు చాలా భయంగా ఉంది అత్తయ్యా. మిమ్మల్ని బతిమాలడానికి నాకింక మాటలు లేవు.

వినీల


ఉయ్యూరు,
28 జూలై 2025

నా తల్లీ వినీలా,

మొన్న నీ ఎదురుగా నోరు పెగల్లేదు. అన్నం పెట్టాను, పక్క వేశాను, నిన్న పొద్దున్నే బస్సెక్కించాను. అంతే చేతనైంది. చెప్పాల్సినవన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

నీ కాగితం చూసి ముందు కోపమే వచ్చింది. నీ ఆట కట్టిద్దామనే కిరసనాయిలు రాశాను. తుడిచాను. పౌడరు చల్లాను. తెల్లగా ఉంది. నాకు నవ్వొచ్చింది కూడా. బయట రైతుల మాటలు వినపడతాయేమోనని చెవి మిషను పెట్టుకున్నాను. "అమ్మగారు తయారవుతున్నారు" అని ఎవరో అంటున్నారు. చీర కొంగు దోపుకుని లేచి, పోనీ ఒక్కసారి చూద్దామని మళ్ళీ దీపం దగ్గరకి వంగాను. పౌడరులో సన్నగా ఒక గీత లేచింది. నేను చూస్తుండగానే కొమ్ము చుట్టూ సగం దాకా తిరిగింది.

నమ్మబుద్ధి కాలేదు. అంతా తుడిచేసి మళ్ళీ మొదటి నుంచీ చేశాను. మళ్ళీ అదే చోట.

నేను చెంప ఆనించేది సరిగ్గా దాని వెనకే. ఎన్నిసార్లు ఆనించానో! మీ మావయ్య సంగతి తలుచుకున్నాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. భయం కొంత. నిన్ను దొంగని చేసి మాట్లాడానే, ఆ బాధ ఎక్కువ. పిల్ల పక్కింటి అరుగు మీద కూర్చుని కాగితం రాస్తుంటే, లోపల గడియ వేసుకుని గొప్పగా కూర్చున్నాను.

తలుపు తీసి బయటికి ఖాళీ చేతులతో రావడం నువ్వు చూశావు. ఇవాళ పేల్చనయ్యా, ఇంక ఎప్పుడూ పేల్చను, తుపాకీ చెడిపోయింది అన్నాను. వెనకాల ఒకడు, ముసలావిడకి భయం పట్టుకుంది అన్నాడు. అదీ నువ్వు విన్నావు. నువ్వు వాడి మీదకి లేవబోతుంటే బుల్లెమ్మ నీ చెయ్యి పట్టుకుంది. వాడన్నది అబద్ధమేం కాదు, వదిలెయ్.

అనుమతికి ఎక్కడ సంతకం పెట్టాలో మీ మాస్టారిని కాగితాలు పంపమను. ఈసారి కండక్టరు చేత కాదు. రైఫిలు స్టేషనులో అప్పగించేశాను. కోసేటప్పుడు నేను రాను, చూడలేను. కానీ ఏం జరిగిందో దాచకుండా రాయి. గొట్టం కొయ్యడమంటూ జరిగితే నువ్వే కొయ్యి. ఎవరో ఒకరి చేతిలో వద్దు.

నీ అత్తయ్య


విజయవాడ,
14 అక్టోబర్ 2025

అత్తయ్యకి వినీల వందనాలు.

అనుమతి వచ్చింది. నిన్న కోశాం. దాచకుండా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

స్టేషను నుంచి ఇద్దరు వచ్చారు. నెంబర్లు సరిచూసుకున్నారు. మాస్టారు చెక్క విప్పారు. చెక్క లోపలివైపు మావయ్య మేకుతో గీసుకున్న పేరుంది, జయపాల్ అని. అది తుపాకీ కిందకి రాదు, ఇంటికి పంపవచ్చన్నారు. తుడిచి నా దగ్గర పెట్టాను, పండక్కి తెస్తాను. తరవాత గొట్టాన్ని బిగించి, మాస్టారు రంపం నా చేతికిచ్చారు. మీరు అడిగారని ఆయనకి ముందే చెప్పాను. తేలిగ్గా తెగుతుందనుకున్నాను. ఎంతకీ తెగలేదు. చెమటలు పట్టాయి, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, ఏది ఏదో తెలియలేదు. వచ్చిన కానిస్టేబులు నేను కోస్తానమ్మా అన్నాడు. వద్దండీ అన్నాను. తెగి కింద పడిన ముక్కని నేనే తీసి బల్ల మీద పెట్టాను.

ఆ కొమ్ము అతకవచ్చా అని మాస్టారిని అడిగాను. నాకు మళ్ళీ పేల్చే రైఫిలు మీద ఆశ కాదు, ఊరికే అడిగాను. అతకవచ్చు, అతికితే కంటికి బాగానే ఉంటుంది, అందుకే అతకకూడదు అన్నారు. ఆ బోల్టుని బల్ల పైన మేకుకి వేలాడదీశారు. పెట్టె మాత్రం నా బల్ల మీద ఉంది. వేరే పాత బోల్టుతో ఈ ఉదయం మొదటిసారి మసి పట్టించాను. ఒకవైపే చెరిగింది. రెండో వైపు అసలు తగలనే లేదు. దానికి ఎన్ని నెలలు పడుతుందో తెలియదు గానీ, చెయ్యి పెట్టేటప్పుడల్లా మీరు గుర్తొస్తారు.

సాయంత్రాలు మీ వాకిట్లో ఎవరూ ఉండరేమోనని దిగులుగా ఉంది. మీకు ఉన్న ఒక్క గొప్పతనాన్ని నేను కోసేసినట్టుంది. మీరు బతికే ఉన్నారు, అది చాలని నాకు నేను చెప్పుకుంటున్నాను. మీకు చాలుతుందో లేదో రాయండి.

వినీల


ఉయ్యూరు,
9 నవంబర్ 2025

వినీలకి అత్తయ్య దీవెనలు.

నిజం చెప్పమన్నావు. చాలడం లేదు. మొదట్లో అసలు చాలలేదు. రైతులు మైకు పెట్టి అందులో కుక్కల అరుపులు వినిపిస్తున్నారు. పందులు పోతున్నాయట. సాయంత్రమయ్యేసరికి ఊరంతా వినపడే ఆ కుక్కలకి ఇచ్చిన గౌరవం నాకు లేదు. మొన్న పెళ్ళికి వెళితే వెనక వరసలో కూర్చున్నాను. ఎవరూ లేపి ముందుకి రమ్మనలేదు. ఇంటికొచ్చి రాత్రి అన్నం తినలేదు. నీతో దాచడమెందుకు?

కానీ బుల్లెమ్మ ఊరికే ఉండదు కదా. పౌడరు సంగతి కాలవ అవతలిదాకా పాకింది. పోయిన ఆదివారం రామకోటేశ్వరరావు గారు కారు పంపారు. ఆయనది కూడా మన రైఫిలు లాంటిదే, ఇంకా పాతది. పెద్ద ఆసామి, మన గుమ్మం తొక్కిన మనిషి కాదు. వాళ్ళింటికి వెళ్ళాను. "మీ బోల్టు పగిలిందటగా, మాది కూడా ఓసారి చూస్తారాండీ" అన్నారు. నేను చూడనండీ, మీరే చూసుకోవాలి, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. కిరసనాయిలు ఆయన చేతే రాయించాను. పౌడరు వాళ్ళ కోడలిది, ఏదో ఖరీదైన రకం. ఆ అమ్మాయి మావగారి కుర్చీ వెనకే నిలబడింది. దాని మొహంలో రక్తం లేదు. అప్పుడు నీ మొహం గుర్తొచ్చింది, బుల్లెమ్మ అరుగు మీద.

గీత వస్తే యాక్షన్ మీ మేనకోడలికే ఇచ్చేస్తానండీ, నేనేం చేసుకుంటాను అని ఆయన ముందే అనేశారు. అది మంచి గట్టి సరుకు, మీ మాస్టారు చూస్తే మురిసిపోతారు. నీ దగ్గర పెట్టె ఒక్కటే మిగిలింది, బోల్టుతో సహా నీకింకోటి కావాలని నాకు తెలుసు.

అయినా కొంగు చాటున జపమాల తిప్పుతూ కూర్చున్నాను. దీపం దగ్గర ఆ పౌడరు వంకే చూస్తూ, గీత రానీయకు తండ్రీ అని ఎన్నిసార్లు అనుకున్నానో. చాలాసేపు చూశాం. తెల్లగానే ఉంది. రెండోసారి చేయించాను. తెల్లగానే ఉంది. ఆ కోడలు కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

నీకు యాక్షన్ దొరకలేదమ్మా. దొరక్కూడదని ప్రార్థన చేసింది మీ అత్తయ్యే.

తెరేసమ్మ